వదిన తీసి పెట్టుకున్న ఫైలు

మా వదిన పళ్ళు చేస్తుంది. వేళాకోళం కాదు, నిజంగానే. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల మీద మైనం పేర్చి, చిగుళ్ళు దిద్ది, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమెకి ఉద్యోగం. ఒక్కో పన్నునీ దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "ఎవరి నోట్లోకి పోతాయో తెలియని పళ్ళకి ఇంత ముస్తాబెందుకు వదినా?" అని నేను ఏడిపిస్తే, "నవ్వితే అబద్ధంలా కనబడకూడదు కదమ్మా" అనేది.

అన్నయ్య వెళ్ళిపోయాక ఆ పాటి మాటలు కూడా ఆగిపోయాయి.

ఒక సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, వేరే ఆమెతో ఉండబోతున్నాననీ ఇక రాననీ చెప్పాడు. వదిన అంతా విని, "ఇస్త్రీకిచ్చిన బట్టలు రేపొస్తాయి. అవి కూడా పట్టుకెళ్ళు" అంది. ఏడవలేదు, తిట్టలేదు. ఆమె వంతు కూడా కలిపి నేనే ఏడ్చాను. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆమె దగ్గరే ఉండిపోయాను.

"మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళవా?" అని అడిగింది ఒకసారి.

"అక్కడ ఎవర్నీ వదినా అని పిలవడానికి నాకు నోరు రాదు" అన్నాను.

"ఊఁ" అంది. అంతే.

ఆమె మనసుకి ఏదీ తగలడం లేదని నాకు త్వరగానే అర్థమైంది. టీ చల్లారినా తాగేస్తుంది. టీవీలో ఏముందో చూడకుండా టీవీ వైపు చూస్తుంది. బాధపడుతున్నావా అంటే కాసేపు ఆలోచించి, "తెలియడం లేదు. సూదిమందు వేశాక పెదవి ఉంటుందే, అలా ఉంది" అంది. పళ్ళ మనిషి కదా, పోలిక కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఒక ఆదివారం దుప్పటి కోసం బీరువా పైఅర తీస్తే పాత ఆటల డబ్బా కిందపడబోయింది. టీవీకి తగిలించుకుని ఆడే నల్లటి గేమ్ కన్సోల్, దాంతోపాటు ఒక సంచీ నిండా డిస్కులు. పెళ్ళైన కొత్తలో స్నేహితులొస్తే ఆడుకుందామని అన్నయ్య కొన్నాడు. స్నేహితులు నాలుగు వారాలు ఆడి మానేశారు. ఆడింది వదిన. ల్యాబు నుంచి వచ్చి, గోళ్ళ సందుల్లో అచ్చుల సున్నం అలాగే ఉండగా, కాళ్ళు మడుచుకుని కారు పందేలు ఆడేది. తర్వాత్తర్వాత డిస్కులు కూడా తనే కొనుక్కుంది.

తగిలించి చూశాం. డబ్బా వెలిగింది గానీ డిస్కు చదవలేదు. లోపల కిర్రు కిర్రుమని గొంతు సవరించుకుని ఊరుకుంది.

"పోనీలే" అని వదిన వైర్లు చుట్టేసింది.

నాకే మనసొప్పలేదు. నేను పనిచేసే కొరియర్ ఆఫీసులో అడిగితే, పాత కన్సోల్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఉంటుందనీ, దాన్ని ఎమ్యులేటర్ అంటారనీ, లాప్‌టాప్‌లో వేసుకుని మన డిస్కులే పెట్టి ఆడుకోవచ్చనీ చెప్పారు. ఆ వారమే వేశాను. తెరవగానే ఒక సందేశం ఊడిపడింది: బయోస్ ఫైలు లేదట.

"బయోస్ అంటే?" అంది వదిన.

"స్విచ్చి వేయగానే డబ్బాని నిద్రలేపి, నువ్వు ఫలానా అని దానికి గుర్తుచేసే ప్రోగ్రాం. అది లేకపోతే ఈ ఎమ్యులేటర్ ఒట్టి వేషమే, లేచి నిలబడదు."

"మరి అదెక్కడ దొరుకుతుంది?"

ఇంటర్నెట్‌లో ఎవరెవరో పెడతారు. కానీ అవి తీసుకోవడం సరికాదనీ, సొంత డబ్బాలోంచి తీసుకోవడమే పద్ధతనీ చదివాను. డబ్బా చంకన పెట్టుకుని ఇద్దరం ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుకి వెళ్ళాం. షాపాయన మూత విప్పి చూసి పెదవి విరిచాడు.

"లెన్స్ పోయిందమ్మా. ఇప్పుడు కొత్తవి రావడం లేదు. కానీ మీక్కావలసింది లెన్స్‌తో పన్లేకుండానే వస్తుంది."

సొరుగులోంచి ఒక మెమరీ కార్డు తీసి కన్సోల్‌కి గుచ్చాడు. డిస్కు లేకుండానే నడిచే చిన్న ప్రోగ్రాం దాంట్లో ఉందట. పక్కన మా పెన్‌డ్రైవ్ పెట్టాడు. షాపు టీవీ తెర మీద అక్షరాలు నెమ్మదిగా పాకాయి. ఈలోపు ఆయనకి ఫోనొస్తే బయటికి వెళ్ళాడు. అక్షరాలు ఆగేసరికి అయిపోయిందనుకుని నేను పెన్‌డ్రైవ్ పీకేశాను. తొందరపాటులో నన్ను మించినవాళ్ళు లేరు.

ఇంటికొచ్చి చూస్తే ఎమ్యులేటర్ జాబితా ఖాళీగా ఉంది. నేను ఫైళ్ళని ఫోల్డర్‌తో సహా పడేశాను. అది లోపలి ఫోల్డర్ తెరిచి చూడదట. వదిన ఫైళ్ళని ఒక్కొక్కటీ బయటికి తీసి, సరిగ్గా ఉండాల్సిన చోట పెట్టింది. అప్పుడు కూడా జాబితాలో బయోస్ పేరు రాలేదు. ఎమ్యులేటర్ గైడులో రాసిన సైజుకి మా ఫైలు సగమే ఉంది.

"మధ్యలో పీకావు" అంది వదిన. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

మర్నాడే అన్నయ్య ఫోన్ చేశాడు. "బీరువాలో గేమ్ డబ్బా ఉండాలి. ఇన్నాళ్ళూ మూలపడి పాడై ఉంటుంది, ఇక్కడ ఒకతను బాగుచేస్తానంటున్నాడు. శనివారం వచ్చి పట్టుకెళ్తా."

నేను మండిపడ్డాను. "ఇవ్వద్దు వదినా! ఆడింది నువ్వు."

"కొన్నది ఆయన. ఇచ్చేద్దాం" అంది. ఆ తర్వాత, "శుక్రవారం నేను ముందుగా వచ్చేస్తాను. షాపుకి వెళ్ళొద్దాం" అంది. ఇన్నాళ్ళలో ఆమె తనంతట తాను ఏదన్నా చేద్దామనడం అదే మొదలు.

శుక్రవారం నా చేతులు ఒళ్ళోంచి తీయకుండా కూర్చున్నాను. తెర మీద "పూర్తయింది" అని వచ్చేదాకా వదిన కన్ను ఆర్పలేదు. షాపాయన కూడా తలూపాక, పెన్‌డ్రైవ్ తీసి రుమాల్లో చుట్టుకుంది.

ఈసారి జాబితాలో పేరు కనబడింది. ఎంచుకుని మొదలుపెట్టగానే చీకటి తెర మీద కన్సోల్ పాత శబ్దం, గాలి ఊదినట్టు, వచ్చింది. కొత్త డబ్బాలా భాష ఏదని అడగలేదు. వదిన ఎప్పుడో పెట్టుకున్న సెట్టింగులు కూడా డబ్బాలోంచి ఆ ఫైళ్ళతో వచ్చేశాయి. నేను చప్పట్లు కొట్టాను.

"వచ్చింది" అంది వదిన, కుళాయిలో నీళ్ళొచ్చాయని చెప్పినట్టు. డిస్కు పెట్టి, కీబోర్డు మీద ఒక పందెం ఆడింది. గెలిచింది కూడా.

"ఎలా ఉంది వదినా?"

"బానే ఉంది" అని లాప్‌టాప్ మూసి పడుకుంది.

నాకు ఉసూరుమంది. ఇంత చేసినా ఏమీ కదల్లేదు.

శనివారం అన్నయ్య వచ్చాడు. లోపలికి రాలేదు. వదిన డబ్బాని తడిగుడ్డతో తుడిచి, వైర్లు చుట్టి, చేత్తో పట్టుకునే కంట్రోలర్లు రెండూ పైన పెట్టి అందించింది.

"బాగున్నావా?" అన్నాడు.

"ఆఁ."

"డిస్కులు?"

"అవి నావి."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "సరే" అని మెట్లు దిగాడు. వదిన తలుపు గడియ పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆడుతూ వచ్చింది. ముఖంలో తేడా ఏమీ లేదు. పని ఉంది కాబట్టి ల్యాబుకి వెళ్ళినట్టే, లాప్‌టాప్ ఉంది కాబట్టి ఆడినట్టుండేది. నేను అడగడం మానేశాను.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం రెండు కంట్రోలర్లు కొనుక్కొచ్చింది. ఒకటి నా ఒళ్ళో పడేసింది. "కీబోర్డుతో వేళ్ళు పీకుతున్నాయి. నువ్వూ ఆడు."

నాకు స్కూటరే సరిగా రాదు. మొదటి మలుపులోనే నా కారు గోడని గుద్దింది. వెనక్కి తిప్పబోయి, దూసుకొస్తున్న వదిన కారుకి అడ్డంగా నిలబెట్టాను. రెండూ కలిసి పల్టీ కొట్టాయి.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే!" అని అరిచింది వదిన. "గెలిచే పందెం నాశనం చేశావ్! మీ వంశంలోనే ఉందా ఇది?"

తెర మీద మా కార్లు రెండూ చక్రాలు పైకెత్తి పొగలు కక్కుతున్నాయి. వదిన తన గొంతు తనే విన్నట్టు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. సారీ చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు.

"మళ్ళీ పెట్టు. ఈసారి బ్రేకు నొక్కు" అంది.

మర్నాడు మళ్ళీ మామూలే. చల్లారిన టీ తాగి, సంచీ తగిలించుకుని ల్యాబుకి వెళ్ళింది.