తెడ్డు చప్పుడు ఎవరి సౌజన్యం?

ఏది ఎవరి చలవో చెప్పందే సౌజన్యానికి ముద్ద దిగదు. అది అతని అసలు పేరు కాదు. పత్రికల్లో ఫొటో కింద ‘సౌజన్యం: ఫలానా’ అని వేస్తారే, అలా బతుకంతా సౌజన్యాలు వేసుకుంటూ తిరుగుతాడని కళ్ళజోళ్ళ దుకాణంలో తోటివాళ్ళు పెట్టిన పేరు. అక్కడ అద్దాలు అరగదీయడం అతని పని. ఎవరైనా చూపు భలే తేటగా ఉందంటే సంతోషించి ఊరుకోడు. కొలత తీసింది డాక్టరుగారనీ, ఫ్రేము ఎంచింది మీ ఆవిడనీ, తాను సాన పట్టానంతేననీ విడమరిచి, చూపు మాత్రం మీ సొంతమని ముగిస్తాడు. ఈలోగా వెనక నిలబడ్డవాళ్ళకు ఉన్న చూపు కాస్తా పోతుందని యజమాని గొణుగుడు.

హాస్యమాడినా అంతే. నవ్వు వచ్చే చోటికి ఒక్క అడుగు ముందు ఆగి, ఇది మంగలి చెప్పగా విన్నదనీ, అతను తన బావమరిది దగ్గర విన్నాడనీ చెబుతాడు. జనం ఆ బావమరిది గురించి ఆలోచించుకుంటూ ఇళ్ళకు పోతారు. ఒకసారి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి మర్యాదకు చొక్కా బాగుందన్నాడు. పక్కింటాయనదండీ, అన్నాడు సౌజన్యం. చొక్కాతోపాటు సంబంధమూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇలాంటి మనిషికి కంప్యూటర్లో ఆటలు అల్లే పిచ్చి పట్టడం విధి ఆడిన ఆట. మూతపడ్డ పాత ఆటల్లోంచి బొమ్మల్నీ చప్పుళ్ళనీ రిప్ చేసి, అంటే ఊడదీసి, నెట్లో పెట్టేవాళ్ళు ఒక తెగ. వాటితో పైసా ఆశించకుండా కొత్త ఆటలు అల్లే అభిమానులు ఇంకో తెగ. ఊడదీసినవాడి పేరు ఆట చివర వేయడం ఆ రెండు తెగల మధ్య మర్యాద. వేయనివాళ్ళే ఎక్కువ. దారిన పూసిన పువ్వు కోసుకుంటూ విత్తు వేసినవాడిని తలుచుకునేవాళ్ళు ఏ కాలంలోనూ తక్కువే.

చిన్నప్పుడు అతనూ చెల్లెలూ ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడిన పడవ ఆట ఒకటుండేది. కంపెనీ దాన్ని సగంలో వదిలేసి మూతపడింది. పడవ నది మధ్యకు వచ్చి ఆగిపోయేది. అవతలి ఒడ్డు మంచులో మసకగా కనిపించేది, అంతే. చెల్లెలు పెద్దదై ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పనిలో కుదిరినా, తెల్లటి మసకలో ఎముకలు తేలినప్పుడల్లా ఆమెకు ఆ ఒడ్డే గుర్తొచ్చేది. దాన్ని చేరాలని ఆమె మనసు కొట్టుకునేది.

సౌజన్యం ఆ పడవను ఒడ్డుకు చేర్చే ఆట అల్లాడు. అంతా సిద్ధమయ్యాక బయటపెట్టనని భీష్మించాడు. తెడ్డు చప్పుడు రిప్ చేసిందెవరో తెలియదట. అభిమానులు కలుసుకునే సైటులో ఎవరో పేరు లేకుండా పెట్టిపోయారు. ఆ ఒక్క చప్పుడు ఎవరిదో తెలుసుకోవడానికి లోకమంతా గాలిస్తున్నానంటూ, అలాంటి పనితనం ఇక పుట్టదని చెల్లెలి ముందు రోజూ పొగిడేవాడు. అభిమానులేమో అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నారు.

చెల్లెలి గొంతులో వెలక్కాయ అక్కడే పడింది. ఆ చప్పుడు చేసింది ఆమే. ఆట అల్లడం మొదలుపెట్టిన కొత్తల్లో, పాత డిస్కులో అసలు చప్పుడు చెడిపోయి ఉందని అన్నయ్య దిగాలుపడితే చూడలేక, తనే తయారుచేసి గుట్టుగా పెట్టింది. ఇప్పుడు చెబితే అతను అంతగా ప్రేమించిన చప్పుడు నకిలీదవుతుంది. చెప్పకపోతే పడవ కదలదు. పైగా ఆ సైటు నెలాఖరుకు మూతపడుతోంది. ఆ తరువాత ఆట పెట్టడానికి చోటే ఉండదు.

ఓ ఆదివారం ఉదయం ఆమె ఉండబట్టలేకపోయింది.

“‘తెలియదు’ అని వేసెయ్యరాదా అన్నయ్యా?”

“‘తెలియదు’ అనే పేరున్న మనిషిని నేనెక్కడా చూడలేదమ్మా. ఎవరో ఒకరు కష్టపడితేనేగా అది వచ్చింది.”

“నేనే. బకెట్టు నీళ్ళలో చెక్క గరిటె తిప్పాను. అది ఆ కంపెనీది కాదు.”

సౌజన్యం తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. “తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“విన్న రోజునుంచే. చివర్న, నీళ్ళ అడుగున, ‘ఎంతసేపే ఆ నీళ్ళాట, ఇక రా’ అని వినపడుతుంది. ఆ కంపెనీవాళ్ళ నదిలో మన అమ్మెందుకుంటుందే?”

ఆమె పెట్టి వినిపించమంది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి విన్నారు. అమ్మ పోయాక ఆ గొంతు వినడం ఆమెకు అదే మొదలు. ఇంకోసారి పెట్టమంది. అతను పెట్టాడు.

“తెలిసీ ఈ తిట్లన్నీ ఎందుకు తిన్నావు?”

“పేరు వద్దనుకుని పెట్టావు కదా, అడక్కుండా వేస్తే అదీ దొంగతనమే. అడిగితే నాకెందుకులే అన్నయ్యా అంటావు. బుద్ధెరిగాక నీకు వచ్చిన మాట అదొక్కటే. అందుకే నువ్వే చెప్పేదాకా చూద్దామనుకున్నా. ఆ పొగడ్తలు మరి ఎవరికనుకున్నావు?”

ఆ మధ్యాహ్నమే ఆట బయటికి వచ్చింది. పడవ మంచు దాటి ఒడ్డును తాకింది. అక్కడ కాస్త ఇసుకా, నాలుగు రెల్లు దుబ్బులూ తప్ప ఏమీ లేవు. చెల్లెలు వాటినే చాలాసేపు చూసింది. ఆ తరువాత పేర్లు పైకి పాకడం మొదలుపెట్టాయి. అన్నిటికన్నా ముందు తెడ్డు చప్పుడు ఎదురుగా ఆమె పేరు, వెనక గొంతు ఎదురుగా అమ్మ పేరు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని అంది.

“నా పేరు అక్షరాలు మరీ చిన్నవైనట్టు లేవూ?”