పూజగది నేల

మా అమ్మాయి ఫోన్‌ను అడ్డంగా గూటి మీద పెట్టింది. తెర మీద అంకె సున్నాకు రాగానే ఫోన్ ఆమె చేతిలో చిన్నగా అదిరింది. కొత్త అల్మారా బిగించేందుకు, గూడు సమంగా ఉందో లేదో మట్టం చూస్తోంది. సరదా పుట్టి వంటింటి గట్టు మీదా, కిటికీ మీదా, గడప మీదా పెట్టింది. అన్నిచోట్లా సున్నా. పుంగనూరులోని మా ఇంట్లో అమ్ముకోగా మిగిలినవి ఈ నాలుగు గదులే. వీటిని కట్టింది మునెప్ప మేస్త్రి. పూజగది నేల మీద మాత్రం ఫోన్ రెండు డిగ్రీల వాలు చూపింది, అదీ నీళ్లు పోయే తూముకు ఎదురు వైపు.

ఆ గదికి కొత్త బండలు వేసే నాటికి నాకు ఇరవై ఏళ్లు. మునెప్ప పూజగది గడప దాటకూడదని నాన్నమ్మ ఆజ్ఞ. లోపల బండలు పరిచేందుకు వేరే మనిషిని పెట్టారు. మట్టం మాత్రం మునెప్పే చూడాలి. నీళ్లు నింపిన ట్యూబు ఒక కొస పట్టుకుని ఆయన బయట కూర్చున్నాడు. రెండో కొస నా చేతికిచ్చాడు.

"తొందరపడొద్దు సిన్నయ్యా. నీళ్లు నిలబడేదాకా మనమూ నిలబడాల. ట్యూబులో గాలి బుడగ యాడన్నా ఉండాదేమో సూడు, ఉంటే మట్టం తప్పుతాది."

ఉంది. నా వేలి కిందే ఉంది. అది పోవాలంటే నీళ్లు వంపి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక మేస్త్రి చెబితే నేను మళ్లీ చేయడమా అనిపించింది.

"ఏమీ లేదులే," అన్నాను. గోడ మీద గీత గీశాను.

మొదటి అభిషేకం రోజునే నీళ్లు తూము వైపు పోకుండా ఎదురు గోడకు పోయాయి. నాన్న వీధిలోకి వచ్చి, అక్కడ నిలబడ్డ మునెప్ప మీద పదిమంది ముందు అరిచాడు: "మట్టం సూడటం రానోడివి మేస్త్రి పని యాల రా నీకు?" మునెప్ప నా వైపు ఒకసారి చూశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను అరుగు మీదే నిలబడి ఉన్నాను.

ఫోన్ ఆ అంకె చూపిన వారానికి కుప్పం వెళ్లాను. మునెప్ప అక్కడ, టీచరుగా పనిచేసే కూతురి ఇంట్లో ఉంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. ఆమె కుర్చీ వేసి కాఫీ తెచ్చింది.

"ఆ పొద్దు ట్యూబులో బుడగ ఉండింది మునెప్పా. నేను సూసి కూడా లేదన్నాను."

"తెలుసు సిన్నయ్యా. ట్యూబు సుట్టేటప్పుడు నేనూ సూసినా."

"మా నాయనకు యాల చెప్పలేదు?"

ఆయన నవ్వాడు. "సెప్పింటే? మీ మాట ముందర నా మాట నిలస్తాదా?"

కూతురు నవ్వలేదు. "దాని తర్వాత పుంగనూరులో ఎవురూ మా నాయనకు పని ఇయ్యలేదు సార్. ఈడికొచ్చి పదేండ్లు ఇసుక మోసినాడు. మేస్త్రీ అని పిలిస్తే సాలు, పక్కకు తిరిగేవాడు."

కాఫీ చల్లారింది. చేతులు జోడించాలని నాకు తెలుసు. అవి మోకాళ్ల మీదే ఉండిపోయాయి. మా ఇంట్లో ఎవరూ ఆయన ముందు చేతులు జోడించలేదు. బస్సుకు వేళైందని చెప్పి లేచాను. "జాగ్రత్తగా పోండి సిన్నయ్యా," అంటూ ఆయనే వాకిలి దాకా వచ్చి నాకు దండం పెట్టాడు.

పని ముందు నిలబడి ఓపిక పట్టాలని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన మంచి పనంతా ఆ ఓపికతో చేసిందే. మునెప్ప ఇంకా బతికే ఉన్నాడు. కుప్పానికి రోజూ బస్సులున్నాయి. నేను మళ్లీ వెళ్లలేదు. వెళ్లినా ఆ దండాన్ని తిరిగి పెట్టగలనన్న నమ్మకం నాకు లేదు.