రోజూ నవ్వు బొమ్మే

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో, విశాఖలో నేను సీనియర్ డైటీషియన్‌గా ఉన్న ఆసుపత్రి, పోర్టు కార్మికుల బరువు తగ్గించే ఫోన్ యాప్ బాధ్యత నాకు అప్పగించింది. అప్పటికి నా సర్వీసు మూడేళ్లే మిగిలింది. కార్మికులు తినే ప్రతిదీ ఫోటో తీసి పెట్టాలి, వారానికోసారి బరువు నమోదు చేయాలి, పొద్దున్నే ఐదు ముఖాల బొమ్మల్లో ఆ రోజు మనసుకు సరిపోయేది నొక్కాలి. ఆ బొమ్మల్ని నేను పట్టించుకోలేదు. లంఖణం పరమౌషధమని నమ్మిన తరం మాది. నోరు కట్టుకుంటే చాలు, మనసుతో పనేమిటనుకునేదాన్ని.

అప్పలరాజు సముద్రపు ఒడ్డున ఉన్న యారాడ ఊరి మనిషి, క్రేన్ ఆపరేటర్. బరువు పెరిగాడని ఎత్తులో పనిచేసే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆపేసి, అతన్ని కింద స్టోర్‌లో కూర్చోబెట్టారు. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గకపోతే ఇక క్రేన్ మాటే లేదు. అతను పంపే రాగిజావ, ఉడికించిన కూరల ఫోటోలు ముద్దొచ్చేవి. వారంవారం తనే నమోదు చేసే బరువూ తగ్గుతూ వచ్చేది. పొద్దున్నే నవ్వు బొమ్మ తప్పేది కాదు. తీరా మూడో నెలలో ఆసుపత్రిలో తూస్తే రెండు కిలోలు పెరిగాడు!

చెడామడా తిట్టాను. తల వంచుకుని విని, మధ్యాహ్నాలు స్టోర్‌లో ఫోటో తీయకుండా బజ్జీలు తింటున్నట్టు, బరువు తగ్గించి నమోదు చేస్తున్నట్టు ఒప్పుకున్నాడు. మరి రోజూ ఆ నవ్వేమిటని అడిగాను.

"నాను ఏడుపు బొమ్మ నొక్కితే మనిసి బాగోలేడని ఫైల్లో రాసేత్తారు కదేటి మేడమ్? ఇంక క్రేన్ ఎక్కనిత్తారా?" అన్నాడు. మళ్లీ తనే, "పైనుంటే మా తమ్ముడి బోటు అవుపడతాది. కింద ఏటీ తోసదు. ఏదోటి నోట్లో ఏసుకుంటే గాని పొద్దు పోదు" అన్నాడు.

నాకు సిగ్గేసింది. దిగులుతో తింటున్న మనిషికి మూడు నెలలుగా కేలరీలు బోధించాను.

బొమ్మలు ఫిట్‌నెస్ ఫైల్లోకి వెళ్లవని మెడికల్ ఆఫీసర్ చేత రాయించి, సంతకంతో సహా అతని చేతిలో పెట్టాను. మర్నాడు ఏడుపు బొమ్మ వచ్చింది. నా సర్వీసులో ఒకరి ఏడుపు చూసి సంతోషించింది ఆ ఒక్కసారే. వెంటనే ఫోన్ చేశాను. తిండి మాట ఎత్తకుండా, తమ్ముడి వలలో ఏం పడిందని అడిగాను. డ్యూటీ దిగాక ఒడ్డున తమ్ముడితో కూర్చుని వలలు బాగుచేయమన్నాను. బజ్జీలు వాటంతటవే తగ్గాయి.

బరువు మాత్రం నత్తనడకే. గడువు నాటికి ఇంకో కిలో మిగిలితే, పెద్ద డాక్టరుతో పోట్లాడి నెల పొడిగింపు తెచ్చాను. తిరిగి క్రేన్ ఎక్కే రోజు పొద్దున అతను నవ్వూ ఏడుపూ కాని మధ్య బొమ్మ నొక్కాడు. ఏమైందని ఫోన్ చేస్తే, "బయంగా ఉంది మేడమ్, సానాళ్లయింది కదా" అన్నాడు. ఆ రోజే ఎక్కాడు.

ఇప్పుడు బీచ్‌లో నడుస్తూ దూరంగా పోర్టు క్రేన్లు చూసినప్పుడల్లా ఆ గొంతు గుర్తొస్తుంది. రిటైరయ్యే దాకా నేను బరువుల కన్నా ముందు బొమ్మలే చూశాను. రోజూ నవ్వు బొమ్మ నొక్కేవాళ్లకే మొదట ఫోన్ చేసేదాన్ని.