ఎడమ రెక్క మీద ఎర్ర పట్టీ

మిద్దె మీది గది తలుపుకు లోపలి గడియను నాయన ఊడదీసిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. నాలుగు స్క్రూలు అరచేతిలో పెట్టుకుని కిందికి దిగి వచ్చాడు, వాటిని వంటింటి అలమరలో ఒక డబ్బాలో వేశాడు, డ్యూటీకి వెళ్లిపోయాడు. అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. ఆ గదిలో మా అన్న ఉన్నాడు. అతను వీధిలోకి రావడం మానేసి అప్పటికి ఐదు నెలలు.

అన్నకు చిన్నప్పటి నుంచీ యుద్ధవిమానం నడపాలని. తొంభైల మొదట్లో వైమానిక దళానికి రాత పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ దాటి వైద్యపరీక్ష దాకా వెళ్లాడు. అక్కడ రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి ఏ అంకె కనిపిస్తోందని అడిగారు. అన్నకు ఏ అంకే కనిపించలేదు. ఎరుపూ ఆకుపచ్చా అతని కళ్లకు ఒకటే. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఆ సంగతి మాకెవరికీ తెలియదు, అతనికీ తెలియదు.

నాయన వ్యాసర్పాడి రైల్వే యార్డులో పనిచేసేవాడు. రోజంతా చేతిలో ఒక ఎర్ర జెండా, ఒక పచ్చ జెండా. కొడుకుని రైల్వేలో చేర్పిద్దామన్నా ఆ రెండు జెండాలే అడ్డం. ఈ కళ్ల లోపం తల్లి వైపు నుంచి వస్తుందని డాక్టరు చెప్పాడట. అప్పటి నుంచి అమ్మ ఇంట్లో ఆ ఊసే ఎత్తనివ్వలేదు. ఎవరైనా అడిగితే "మెడికల్‌లో పోయింది" అనేవాళ్లం. ఏం పోయిందో చెప్పేవాళ్లం కాదు.

నేను అప్పుడు బి.ఎ. రెండో సంవత్సరం. బయటివాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో హాజరు పిలిస్తే నా గొంతు నాకే వినపడేది కాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ నెలల్లో ప్రతి పేజీ చివరా అన్న ఆరోజు ఎన్ని మాటలు మాట్లాడాడో రాసేదాన్ని. "చాలు", "వద్దు", "తరవాత". మూడు. కొన్ని పేజీల్లో సున్నా. ఏ రోజు ఏమవుతుందోనన్న భయంతో కాలేజీ నుంచి పరుగెత్తినట్టే ఇంటికి వచ్చేదాన్ని. వీధి మలుపు తిరగ్గానే మా ఇంటి ముందు జనం లేరు కదా అని చూసుకునేదాన్ని.

సెంట్రల్ స్టేషన్ పక్కన పాత పుస్తకాల కొట్లలో నవలల కోసం వెతుకుతుంటే ఒకసారి విమాన నమూనాల విదేశీ పత్రిక దొరికింది. మధ్య పేజీల్లో రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక యుద్ధవిమానం నమూనా ప్లాను మడిచి ఉంది. రెక్కలు చాచితే ఎనిమిది అడుగులు. నేల మీద నిలబడి రేడియోతో నడపవలసింది. అన్నకు అన్నం పెట్టిన కంచం కింద ఆ పత్రిక ఉంచి వచ్చాను. సాయంత్రం కంచం ఖాళీగా ఉంది, పత్రిక లేదు. మరుసటి రోజు అన్న నాతో మాట్లాడిన మొదటి మాట, "పెద్ద స్కేలు ఉండాదా?"

దాన్ని కట్టడానికి పది నెలలు పట్టింది. బాల్సా అనే బెండులాంటి తేలిక చెక్కను ఆకులా పలచగా కోసి ఒక్కో రెక్కకు పధ్నాలుగు పక్కటెముకలు చేశాడు. మొండేనికి ప్లైవుడ్. పైన కప్పడానికి సౌకార్‌పేటలో టోకు బట్టల కొట్టుకు వెళ్లి సన్నటి నైలాన్ తెచ్చాను. దాన్ని రెక్క మీద పరిచి లక్కలాంటి ద్రావకం పూస్తే ఆరేకొద్దీ బిగుసుకుంటుంది, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఆ వాసనకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. అమ్మ మాత్రం ఒక్కమాట అనలేదు. అన్న గదిలోంచి ఏ చప్పుడు వచ్చినా అమ్మకు సంతోషమే.

రంగులకు సంబంధించిన పనంతా నాది. రేడియో తీగల్లో ఏది ఎరుపో ఏది గోధుమ రంగో నేను చెప్తే, అన్న వాటి మీద కాగితం ముక్కలతో అంకెలు అంటించుకునేవాడు. రంగు డబ్బాల మీదా అంకెలే. బయటివాళ్లు చూస్తే అదొక పద్ధతి అనుకునేవాళ్లు.

బయటివాళ్లంటే ఒక్కడే. మా పురసవాక్కం వీధి చివర ఒక రిటైర్డ్ ఇంజనీరు ఉండేవాడు. తమిళాయన. ఆదివారాలు స్నేహితులతో కలిసి ఊరి బయట చిన్న విమానాలు ఎగరేసేవాడు. పెద్ద ఇంజను, విమానాన్ని నడిపే రేడియో పెట్టె ఆయన దగ్గర తప్ప దొరకవు. నేను ఆయన గేటు ముందు నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగి, పిలవలేక, అయిదో రోజు చీటీ రాసి గేటు సందులో పెట్టి వచ్చాను. ఆ సాయంత్రమే ఆయన మా మిద్దె ఎక్కాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "తంబీ, ఇది నువ్వొక్కడివే కట్టావా?" అన్నాడు. ఇంజనూ రేడియో తనే ఇస్తానన్నాడు. తన పసుపు రంగు చిన్న విమానంతో మూడు నెలలు అన్నకు నడపడం నేర్పాడు. పసుపు అన్నకు చక్కగా కనిపిస్తుంది. అన్న చేతి నేర్పు చూసి ఆయన, "పుట్టుకతోనే పైలట్టువి" అన్నాడు. ఆరోజు అన్న ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆయనకు కళ్ల సంగతి చెప్పలేదు. తెలిస్తే పెట్టె చేతికి ఇవ్వడని అన్న భయం. వైద్యపరీక్షలో లాగే ఇంకొకరు కూడా పుస్తకం మూసేస్తారని.

మా విమానానికి పైనంతా ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు. అసలు విమానం అలాగే ఉండేది. ఆయన వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది తాటిచెట్ల ముందుకు పోయిందనుకో, చెట్టేదో రెక్కేదో తెలియదు. ఎడమ రెక్క మీద ఎర్ర పట్టీ వెయ్ తంబీ. మేమంతా అట్లాగే వేసుకుంటాం. ఎరుపు ఎటుందో చూస్తే చాలు, వస్తోందా పోతోందా తెలిసిపోతుంది."

అన్న నా వైపు చూశాడు. నేను కుంచె వైపు చూశాను.

"సరి సార్" అన్నాడు అన్న.

ఆయన మెట్లు దిగాక, "అన్నా, తెల్లది వేద్దాం" అన్నాను.

"ఎరుపు చెప్తే తెలుపు ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పమంటావ్?"

"ఏదో ఒకటి చెప్పేది."

"ఎవురు, నువ్వా? నీకు నోరుండాదా? ఊరికే పుయ్యి. నాకు ఆకారం తెలిస్తే చాలు."

పచ్చటి రెక్క మీద నాలుగంగుళాల ఎర్ర పట్టీ నా చేత్తో నేనే పూశాను. అందంగా వచ్చింది. ఆరాక అన్న దాని మీద వేలు పెట్టి, అంచు ఎక్కడుందో తడిమి చూసుకున్నాడు. అది చూసి కూడా నేను ఆయన ఇంటికి వెళ్లలేదు. చీటీ కూడా రాయలేదు.

సోళవరం దగ్గర యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. ఒక ఆదివారం పొద్దున రెక్కలు విడదీసి ఆయన వ్యానులో అక్కడికి తీసుకెళ్లాం. ఆయన స్నేహితులు ఏడెనిమిది మంది మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒకాయన, "బాంబులు ఎక్కడ తంబీ, ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అన్నాడు. ఇంకొకాయన నన్ను చూసి, "బాంబులు వేసేది ఈ అమ్మాయే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అన్న వెనక్కు జరిగాను. అన్న కూడా నవ్వాడు. పదిహేను నెలల తరవాత చూస్తున్నాను ఆ పళ్లు.

రెక్కలు బిగించాం. వాటి కింద రెండు చేతుల వేళ్లు పెట్టి ఎత్తి, ముక్కూ తోకా సరితూగుతున్నాయో లేదో చూశాం. ఇంజను స్టార్టు కాగానే గుండెల్లో మోత. విమానం పగుళ్లు పడిన కాంక్రీటు మీద పరుగెత్తి, తోక లేపి, ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు గాలిలోకి లేచింది. కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. మొదటి చుట్టు. రెండో చుట్టు. అన్న పక్కన నిలబడి నేను ఆకాశం వైపు కాదు, అతని ముఖం వైపు చూస్తున్నాను. ఇక ఏమీ కాదు, ఇతను ఉంటాడు, అనుకున్నాను.

మూడో చుట్టులో విమానం తాటితోపు మీదుగా దూరంగా వెళ్లి, ఒక పక్కకు ఒరిగి, వీపు మాకు చూపించింది. దాని వెనక తోపంతా పచ్చ.

అన్న పెదవులు కదపకుండా అడిగాడు. "ఏ పక్కకు ఒరిగిందే?"

నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఎర్ర పట్టీ కిందికి ఉంది. "ఎడమ" అన్నాను. ఇంజను హోరులో అది నా పళ్లు దాటలేదు.

"ఏందీ?"

మళ్లీ నోరు తెరిచాను. వెనక అంతమంది మగవాళ్లు. గొంతు రాలేదు.

"ఎరుపు చూడు తంబీ! ఎరుపు ఎటుంది?" వెనక నుంచి ఇంజనీరు కేక.

అన్న బొటనవేళ్లు ఒక్క క్షణం ఆగి, తప్పు పక్కకు కదిలాయి. విమానం ఇంకా ఒరిగి, ముక్కు కిందికి వేసి, తాటి తలల వైపు దిగడం మొదలుపెట్టింది. నేను ఆయన వైపు తిరిగి, నాకున్న గొంతంతా పెట్టి తమిళంలో అరిచాను.

"అన్నకు ఎరుపు కనపడదు సార్! ఎరుపూ పచ్చా ఒకటే! మీరు తీసుకోండి సార్!"

ఆయన రెండంగల్లో వచ్చి పెట్టె లాక్కున్నాడు. తాటాకులకు తగులుతుందేమోననేంత దగ్గరలో విమానం లేచింది, సర్దుకుంది, తిరిగి వచ్చింది. దిగేటప్పుడు ఒక చక్రం వంగింది, అంతే. కొందరు చప్పట్లు కొట్టారు, తరవాత ఆపేశారు. అన్న రెండు చేతులూ ముందుకు పెట్టి, పెట్టె ఇంకా పట్టుకున్నట్టే నిలబడి ఉన్నాడు.

"నిజమా తంబీ?" అన్నాడు ఆయన.

"అవును సార్. రెండూ నాకు ఒకటే." ఆ మాట అతని నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి.

"మరి ఆ పట్టీ ఎందుకు వేశావు?"

"మీరు వెయ్యమన్నారు గదా సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "చెప్పుంటే తెల్లది వెయ్యమనేవాణ్ణి గదప్పా. అంతే గదప్పా" అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

అన్న వ్యాను ఎక్కలేదు. రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను వెంటపడ్డాను. వెనక్కు తిరగకుండానే, "నా వెంట రావద్దు" అన్నాడు. ఆగిపోయాను. ఆ హైవే మీద లారీలు ఎంత వేగంగా పోతాయో వచ్చేటప్పుడు చూశాను. ఆగకుండా ఉండాల్సింది. ఇంటికి వచ్చి అమ్మకు ఏం చెప్పానో గుర్తు లేదు. నాయన సైకిలు తీసుకుని ఎదురు వెళ్లాడు. అమ్మ వాకిట్లో నిలబడి, ఎవరైనా పలకరిస్తే "ఏమీ లేదు, ఎండకు కళ్లు మండతా ఉండాయి" అంటూ ఉంది. నేను మెట్ల మీద కూర్చుని ఒకే ఒక్క సంగతి ఆలోచించాను. "ఎడమ" అని గట్టిగా అరిచి ఉంటే సరిపోయేది. మూడక్షరాలు. అవి రాని గొంతుకు అంత పెద్ద మాట ఎలా వచ్చింది?

సాయంత్రం నాలుగింటికి అన్న వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము. నేరుగా మిద్దె ఎక్కాడు. గడియ లేని తలుపుకు ట్రంకుపెట్టె అడ్డంగా ఈడ్చిన చప్పుడు కింద మాకు వినపడింది. ఆ చప్పుడు విని అమ్మ ఏడ్చింది. బతికి వచ్చాడని ఏడ్చిందో, మళ్లీ తలుపేసుకున్నాడని ఏడ్చిందో.

రెండు వారాల తరవాత ఇంజనీరు వచ్చి, ట్రంకుపెట్టెను తోసుకుని లోపలికి వెళ్లి, చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మరుసటి రోజు అన్న కిందికి వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. "నాయనా, నీ జెండాలు రెండూ నాకు ఒకటే" అన్నాడు. నాయన గ్లాసులో కాఫీ చూస్తూ, "తెలుసురా" అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతే. మెల్లగా అన్న అందరితో మాట్లాడాడు, వీధిలోకి వెళ్లాడు, ఆయన షెడ్డుకు వెళ్లాడు. నాతో తప్ప. నేను వడ్డిస్తే లేచేవాడు. నేను కోరుకున్నవన్నీ ఒక్కొక్కటే జరుగుతున్నాయి, నన్ను పక్కన పెట్టి. అతను బతకడమే కదా కావాల్సింది అని రోజూ చెప్పుకునేదాన్ని. చెప్పుకున్నంత తేలిక కాదు.

మూడో నెలలో ఒక పొద్దున నేను గోడకానుకుని తింటున్నాను. అన్న రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. అమ్మ దోసెలు పోస్తోంది.

"అమ్మా, ఆదివారం పొద్దున్నే రెడీగా ఉండమని దానికి చెప్పు" అన్నాడు.

"ఏందిరా, అది ఈడనే ఉండాది గదా. నువ్వే చెప్పు."

"నువ్వే చెప్పు. రెక్క ఏ పక్కకు ఒరిగేదీ చెప్పేదానికి పక్కన మనిషి కావాల. అందరి ముందరా చెప్పాల. గొణిగేదైతే రావద్దని చెప్పు."

"మీ ఇద్దరి మధ్య నేనేమన్నా పోస్టాఫీసా?" అంది అమ్మ.

"వస్తానని చెప్పమ్మా" అన్నాను.

అన్న కంచంలోకే చూస్తూ, "వినపళ్లే" అన్నాడు.

ఆ మాట అమ్మకు కాదు.

"వస్తా!" అని అరిచాను. అమ్మ చేతిలో అట్లకాడ జారి నేల మీద పడింది.

"ఏందే ఆ అరుపు? పక్కింటోళ్లు ఏమనుకుంటారు!"

అన్న ఇంకో దోసె వెయ్యమన్నాడు.