గ్రేసమ్మ టీచరు వినయం

నిన్న పెరట్లో దొండకాయలు కోస్తుంటే ఆకులు నలిగి చేతులకు పచ్చి పసరు వాసన అంటుకుంది. ఎంత కడిగినా పోలేదు. పాకాల స్టేషను వెనకాల ఉండిన చిన్న మిషన్ బడీ, బొగ్గుపొడిలో దొండాకు నలిపి నల్లబల్లలకు తానే రుద్దే గ్రేసమ్మ టీచరూ గుర్తొచ్చారు. డెబ్బయ్యో దశకం చివర్లో నేనక్కడ టీచరుగా కొత్తగా చేరాను. ఆమె మా హెడ్మిస్ట్రెస్. ఒకరోజు ఆయాను కసిరి, మధ్యాహ్నం మా అందరి ముందూ "తప్పు నాదే, మనసులో పెట్టుకోవద్దు" అని ఆయా చేతులు పట్టుకున్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మాది కార్వేటినగరం దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. బయల్దేరేటప్పుడే నాయన హెచ్చరించాడు: "ఊరికే ఎవురూ వంగరు పాపా. వంగినోళ్ళు కింద ఏం ఏరుకుంటా ఉండారో సూసుకో." నన్ను వాళ్ళ మతంలో కలుపుకోవడానికే ఈ మెత్తదనమని అనుకున్నాను. ఆమె మాత్రం ఒక్కనాడూ నన్ను ప్రార్థనకు రమ్మనలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

రెండో ఏడు కమిటీ పెద్దలు ఆమెను తప్పించి, ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకున్న జయరాజును హెడ్మాస్టరుగా వేశారు. కారణమేమిటో ఎవరూ చెప్పలేదు. ఆమె కుర్చీ తుడిచి, "కూర్సో నాయనా, ఇంక ఇది నీది" అని, మూడో తరగతికి పాఠం చెప్పడానికి వెళ్ళిపోయారు. జయరాజుకూ నమ్మకం కుదరలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఆ పెద్దామె మనసులో ఏదో ఉండాది. కొంచెం కనిపెట్టి సూడండి" అన్నాడు. నాకూ అదే కావాలి.

ఒక సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఆమె తరగతి గది తలుపు దగ్గరగా వేసుకోవడం చూసి, కిటికీ పక్కన నిలబడ్డాను. మోకరించి, మెల్లగానే అయినా స్పష్టంగా మాట్లాడుతున్నారు. "ప్రభువా, ఆ కుర్చీని సూస్తే నాకింకా కడుపు మండతా ఉండాది. ఆ బిడ్డ ఏదన్నా తప్పు చేస్తే బాగుండునని పొద్దున కోరుకున్నాను. వంగినట్టు కనబడతా ఉండాను గానీ, లోపల వంగలేదు. నువ్వే వంచు. నా ఇష్టం కాదు, నీ ఇష్టమే జరగనీ."

బయటికొచ్చి నన్ను చూశారు.

"విన్నావా?"

తలూపాను.

"మంచిదే. ఆ బిడ్డకు నువ్వు చెప్పేదెందుకు, నేనే చెప్తాలే."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "నీ మీద కుళ్ళుకున్నాను జయరాజూ, క్షమించు" అన్నారు. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె వెళ్ళాక నాతో, "ఇది గూడా నాటకమేమో అబ్బా!" అన్నాడు. అవుననలేకపోయాను. ఆమె రిటైరయ్యేదాకా అతను ఆమెను నమ్మలేదు. ఆమె చివరిదాకా అతని కిందే పనిచేశారు. అయితే ఆయాను మాన్పిస్తానని అతనన్న రోజు మాత్రం, "ఇది అన్యాయం. నేనొప్పుకోను" అని ఎదురు నిలిచారు. ఆయా ఉద్యోగం నిలబడింది.

నేను క్రైస్తవురాలిని కాలేదు. కమ్మని ఆమె అడగనూ లేదు. పోయినేడు తిరుపతిలో నాకు వస్తుందనుకున్న సన్మానం నాకంటే చిన్నామెకు దక్కింది. నేనే వేదికెక్కి ఆమెకు దండ వేశాను. ఎంత పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, దేవుడి గూడు ముందు కూర్చున్నాను. మంత్రమేదీ నోటికి రాలేదు. "కడుపు మండతా ఉండాది స్వామీ" అన్నాను.