మట్టిలో మా అత్త ముఖం

రంగుల విషయంలో నన్నెవరూ బోల్తా కొట్టించలేరు. శృంగవరపుకోటలో మా పెయింట్ల దుకాణం కౌంటరు వెనక ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్నాను. మా ఆయన సరుకు కోసం విశాఖపట్నం తిరుగుతాడు, మేస్త్రీలతో బేరాలు మాట్లాడతాడు. రంగు కలపడం మాత్రం నాదే. రంగులు కలిపే మిషను వచ్చి చాలాకాలమే అయింది. అయినా పాత గోడకి అతుకు వేయాల్సి వస్తే పెయింటర్లు ఆ గోడ పెచ్చు జేబులో వేసుకుని నా దగ్గరికే వస్తారు. దాన్ని గుమ్మంలో వెలుతురుకి పట్టి ఒకసారి చూస్తాను. తెల్లరంగులో ఏది ఎన్ని చుక్కలు పడాలో నా చేతికి తెలుసు.

మూడేళ్ల క్రితం కార్తీకం వెళ్లిన వారంలో ఒక జర్మనీ ఆవిడ మా దుకాణానికి వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, మగవాళ్ల చొక్కా, గోళ్లలో ఆరిపోయిన రంగు. తన దేశంలో బొమ్మలు వేస్తుందట, శిల్పాలు చేస్తుందట. అరకు వెళ్తూ రైలు కిటికీలోంచి మా కొండలు చూసి, తిరుగు ప్రయాణంలో ఇక్కడే దిగిపోయింది. కొండల వైపు రోడ్డులో ఒక రిటైరైన మాస్టారి ఇంటి మేడ మూడు నెలలకు అద్దెకు తీసుకుంది. డిగ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషు నాకు అప్పటికి సగం తుప్పు పట్టింది, ఆవిడ ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. అందుకే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమైంది.

అవిసె నూనె అడిగింది. తెల్లరంగు అడిగింది. తర్వాత సంచీలోంచి ఒక ఎర్రమట్టి గడ్డ తీసి కౌంటరు మీద పెట్టి, ఈ రంగు కలిపి ఇవ్వగలవా అంది. కలపడం ఎందుకు, రంగు ఇక్కడే ఉంది కదా అన్నాను. ఆ మట్టిని నూరి, పలచటి గుడ్డలో జల్లించి, అవిసె నూనెతో మెదిపి, ఒక అట్టముక్క మీద పూసి చూపించాను. ఆవిడ ఆ అట్టని చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి రోజూ వచ్చింది.

దుకాణంలో ఉన్న నలుపు ఆవిడకి నచ్చలేదు, చచ్చిన నలుపు అంది. గరివిడి వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరు ఒకాయన మాకు తెలుసు. ఆయన్ని అడిగి మాంగనీసు రాతిపొడి ఒక సంచీ తెప్పించాను. దాన్ని నూనెలో కలిపితే లోపల ఎక్కడో గోధుమరంగు ఉన్న నలుపు వచ్చింది. బొమ్మ వేసుకునే గుడ్డ అయిపోయిందంటే నెల్లిమర్ల నుంచి మంచి గోనెపట్టా తెప్పించి, చట్రాలకి బిగించి, రెండు పూతలు ప్రైమరు వేసి ఇచ్చాను.

కొండలు మా ఇంటి మేడ మీదికి బాగా కనబడతాయి. ఆవిడ అక్కడే కూర్చుని వేసేది. మొదటి బొమ్మ చూసి, పచ్చదనం ఏదీ అని అడిగాను. ఒక కన్ను మూసుకుని చూడు, అది కొండ అనుకోకు, ఎవరో తెచ్చిన గోడ పెచ్చు అనుకో, ఏం కలుపుతావో చెప్పు అంది. చూశాను. నేనైతే ఊదా ఎక్కువ, నలుపు కొంచెం, పచ్చ ఒక్క చుక్క వేసేదాన్ని. ఆవిడ బొమ్మలోనూ అంతే ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొండల్ని ఆరోజే చూశాననిపించింది. అలాగని ఆవిడ వేసిందల్లా ఒప్పుకోలేదు. మూడో బొమ్మలో కోత కోసిన వరిమడి మరీ పసుపుగా ఉందని చెప్పాను. కాసేపు వాదించింది. సాయంత్రం మళ్లీ చూసి, కొంచెం మట్టిరంగు కలిపింది.

మనుషుల్ని కూడా వేసేది. సంతకి పసుపు, చింతపండు తెచ్చే కొండ ఆడవాళ్లు ఇద్దరు కూర్చున్నారు. మా ఎదురు టీ కొట్టాయన కూర్చున్నాడు. బుగ్గల కింద పచ్చరంగు వేసిందని, నాలుగు రోజుల జ్వరం పడి లేచినట్టున్నానని ఆయన నాకే ఫిర్యాదు చేశాడు. కానీ ఆ బొమ్మ చూడ్డానికి వాళ్లావిణ్ణి, అల్లుణ్ణి కూడా తీసుకొచ్చాడు.

ఇక మా అత్త సంగతి. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు పడ్డాయి. మా మామ ఉన్నన్నాళ్లూ ఆయనతో సమానంగా దుకాణం నడిపిన మనిషి, నాకు రంగులు నేర్పిన మనిషి, ఫొటో అంటే మాత్రం లేచి వెళ్లిపోయేది. ఆవిడ పెళ్లి ఫొటోలో ముసుగు తప్ప ముఖం లేదు. మా పెళ్లి ఆల్బంలో ఎక్కడా లేదు. దుకాణం వెనక గదిలో ఎత్తుపీట మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ల మాటలు వింటూ ఉండేది.

ఒకరోజు జర్మనీ ఆవిడ, మీ అత్తగారి తల మట్టిలో చేస్తాను, అడిగి చెప్పు అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ ముఖంలోకి సూటిగా చూసి, మచ్చల కోసమా అని అడిగాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు. మొదట కంటికి పడింది మచ్చలే, అబద్ధమాడను అంది. కానీ తను చెయ్యాలనుకున్నది ఆ మెడ తీరట. ఎదుటివాడు చెబుతున్నదంతా వింటున్నట్టే ఉంటుంది, నిర్ణయం మాత్రం ముందే అయిపోయినట్టుంటుంది అంది. మా అత్తని అప్పటికి పందొమ్మిదేళ్లుగా ఎరిగినదాన్ని కనుక ఆ మాట నమ్మాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు అత్తకి చెప్పేశాను, మచ్చల మాటతో సహా. ఆవిడ మజ్జిగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఫొటో అయితే నొక్కీసి ఎల్లిపోతారు. ఈవిడ కూకోని సెయ్యాల గదా," అంది. "రమ్మను. ఎంతసేపు సూస్తాదో నానూ సూస్తాను."

వెనక గదిలో తొమ్మిది ఉదయాలు సాగింది. కుమ్మరివాళ్ల దగ్గర మట్టి తెచ్చి, ఇసుక, ఊక కలిపి ఇద్దరం తొక్కాం. అత్త పీట మీద కూర్చుని తెలుగులో మాట్లాడుతుంటే, ఆవిడ మట్టితో జర్మనీ భాషలో మాట్లాడుకునేది. నేను దుకాణానికీ గదికీ మధ్య తిరిగాను. నాలుగో రోజుకి మెడ వచ్చింది. ఏడో రోజుకి గుమ్మంలోంచి చూస్తే ఇద్దరు అత్తలు కూర్చున్నట్టుంది.

తొమ్మిదో రోజు అయిపోయిందని చెప్పింది. దగ్గరికెళ్లి చూశాను. మెడ అత్తదే, మూసిన పెదాలు అత్తవే. ముఖం మాత్రం పాలు పోసి కడిగినంత నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. మచ్చల కోసమా అన్న నా ప్రశ్న ఆవిణ్ణి భయపెట్టిందని అప్పుడర్థమైంది.

అత్త లేచి వచ్చింది. అరచేత్తో ఆ ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తడిమింది. తర్వాత అదే చేత్తో తన ముఖం తడుముకుంది.

"బాగున్నాది. కానీ ఇది నాను కాదు, మా సెల్లి," అంది.

నెల్లిమర్లలో ఉన్న ఆ చెల్లెలు చాయకీ నునుపుకీ చుట్టాలందరిలో పేరున్న మనిషి. ఈ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి జర్మనీ ఆవిడ ముఖం కందిపోయింది. మీరు నొచ్చుకుంటారనుకున్నాను, తప్పు నాదే అంది. అది తెలుగులో చెప్పే లోపే అత్త పెరట్లోకి వెళ్లి చీపురు లోంచి ఒక పుల్ల లాక్కొచ్చింది. మొండివైపు విరిచి, వేలితో పదును చూసుకుంది. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెమ్మని, నన్ను పట్టుకోమంది.

ఆ ఉదయమంతా మా అత్త తన ముఖం తనే దిద్దుకుంది. అద్దంలో చూసుకోవడం, పుల్లతో మట్టిలో గుచ్చి కొద్దిగా తిప్పడం. నుదుటి మీద దగ్గర దగ్గరగా, ఎడమ బుగ్గ మీద లోతుగా, ముక్కు కొస మీద ఒకే ఒక్కటి. జర్మనీ ఆవిడ పక్కన నిలబడి మట్టి ఆరకుండా తడిగుడ్డ అద్దుతూ ఉంది, ఒక్క వేలు కూడా పెట్టలేదు. అద్దం పట్టుకున్న నా చెయ్యి నొప్పి పుట్టింది, దించలేదు. ఆ ముఖాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మర్యాద అనుకుని ఇన్నేళ్లూ చూపు పక్కకి తిప్పుకుంటూ వచ్చాను.

చేస్తూనే చెప్పింది. అమ్మవారు పోసినప్పుడు వేపాకుల మీద పడుకోబెట్టారట. వాళ్లమ్మ పగలూ రాత్రీ వేపమండతో విసిరిందట. నీళ్లు పోశాక అద్దం అడిగితే ఇంట్లో అద్దాలన్నీ మాయమయ్యాయట.

"మరి ఎప్పుడిచ్చారత్తా?" అని అడిగాను.

"ఎవులూ ఇవ్వలేదు. నానే ఎతుక్కున్నాను. బియ్యం డబ్బాలో దాసీసినారు," అంది పుల్ల మీంచి చూపు తిప్పకుండా. "ఏడవలేదు. పెద్దోళ్లు ఏడుస్తారని మల్లీ ఆడే పెట్టీసినాను."

కుమ్మరివాళ్ల ఆవంలో కుండలతో పాటు ఆ తలని కాల్చాం. ఎర్రగా వచ్చింది. చెవి వెనక చిన్న బీట పడింది. పూడుస్తానంటే అత్త వద్దంది. చుట్టుపక్కల ఆడవాళ్లు వారం రోజులు వచ్చి చూశారు. మొదట మచ్చలు చూసేవాళ్లు, తర్వాత మెడ చూసి నవ్వేవాళ్లు, అచ్చం ఇలాగే కూర్చుంటుంది అంటూ.

మాఘం చివర్లో జర్మనీ ఆవిడ ప్రయాణమైంది. తల ఇక్కడే వదిలేస్తానంది. మేం కూడా ఇంట్లోనే ఉంటుందనుకున్నాం. అత్త ఒప్పుకోలేదు.

"నాను ఈడే ఉన్నాను గదా. రెండెందుకు? తీసుకెల్లమను, నలుగురూ సూస్తారు."

గడ్డి, గోనె చుట్టి, చెక్కపెట్టెలో నేనే సర్దాను. ఆవిడ మాకు ఊదారంగు కొండల బొమ్మ ఒకటి ఇచ్చి వెళ్లింది.

ఏడాది తర్వాత నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. వాళ్ల దేశంలో ఆవిడ బొమ్మల ప్రదర్శన, తెల్లటి పెద్ద గది. గోడల మీద మా కొండలు, సంతకి వచ్చిన ఆడవాళ్లు, టీ కొట్టాయన. గది మధ్యలో దిమ్మ మీద అత్త. పక్క దిమ్మ మీద టోపీ పెట్టుకున్న ముసలాయన తల. అత్త కళ్లజోడు పెట్టుకుని, ఫోను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. పక్కన ఆ మనిషెవరని అడిగింది. కనుక్కుని చెప్పాను, ఆవిడ నాన్నగారు, పడవలు చేసేవాడట.

"సరే. పెద్దమనిషే," అంది అత్త. ఫోను నాకిచ్చి, నెల్లిమర్లకి కలపమంది, చెల్లెలికి చెప్పాలని.