చెయ్యి చాపితే చాలన్న నర్సమ్మ

రేషన్ వరసలో నిలబడి ఉంటే వెనకనున్న బెంగాలీ ఆవిడ నా భుజం తట్టి, "మీ నర్సు దీదీ ఆర్ నేయ్" అంది. ఇక లేరు అని. అక్కణ్ణుంచి తాల్‌బగీచాలో నర్సమ్మగారి ఇంటిదాకా ఎలా నడిచానో తెలీదు. వారం అయింది. ఆవిణ్ణి బతికించుకోవడం నాకు చేతకాలేదు.

పదిహేనేళ్ళ కిందట నాకు క్షయ వచ్చింది. నెలల తరబడి రోజూ సూది, పూటపూటా మాత్రలు. అంటుకుంటుందని ఎనిమిది నెలల పాపని శ్రీకాకుళం వైపు మా అమ్మ దగ్గరకి పంపేశాం. ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో నాకు సూది వేసేది ఈ తెలుగు నర్సమ్మే. వేసేముందు ఎవరినైనా ఒకటే అడిగేవారు: "ఈయేల మనసెలగుందమ్మా?"

ఎందుకలా అడుగుతారంటే నవ్వేవారు. "మనసు బాగున్న రోజు మాత్తర ఎవులైనా మింగుతారు. బాగోని రోజు కోసవే నాకు జీతవిస్తన్నారు."

ఒకరోజు ఊరినుంచి ఉత్తరం వచ్చింది, పాప మా అమ్మనే 'అమ్మా' అంటోందని. సీసాడు మాత్రలూ మురిక్కాలవలో పారబోశాను. మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళలేదు. నాలుగో రోజు డ్యూటీ దిగి ఆవిడే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరుకి వచ్చారు. తిట్టలేదు. గుమ్మంలో కూర్చుని సంచిలోంచి సూది తీశారు.

"నాకు బతకాలని లేదండి" అన్నాను.

"లేకపోతే లేకపోనాది. సూది ఏయించుకోడానికి బతకాలని ఉండక్కర్లేదు. సెయ్యి సాపితే సాలు."

చాపాను. నయమైంది. పాప తిరిగొచ్చింది.

నర్సమ్మగారికి పిల్లల్లేరు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భర్తా ఆవిడా రిటైరై తాల్‌బగీచాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆవిడకి చక్కెర వ్యాధి ఉన్నా ఆయన ఉన్నన్నాళ్ళూ అదుపులోనే ఉండేది. నిరుడు ఆయన గుండె ఆగి పోయారు.

ఆ తరవాత ఆవిడ వైద్యమంతా ఆవిడ మనసు చెప్పినట్టే నడిచింది. చక్కెర పోతోందేమో చూడ్డానికి మూత్రంలో నీలం మందు కలిపి స్పిరిట్ దీపం మీద కాచేవారు. రంగు మారకపోతే ఆ పూట ఎంత హుషారో! "రేపట్నుంచి అన్నం మానెస్తాను, రొట్టే తింతాను. పూరీ గేటు దాకా నడుస్తాను సూడు." మర్నాడు ఇటుకరంగు తేలిందా, అంతే. ఇన్సులిన్ సూదీ లేదు, నడకా లేదు. మధ్యాహ్నం భోజనానికి బదులు రసగుల్లాలు తెప్పించుకుని గోడకేసి తిరిగి తినేవారు. చెడ్డ రోజులు ఎక్కువయ్యాయి. అరికాలికి పుండు పడింది. ఆసుపత్రికి వెళదామంటే తల అడ్డంగా ఊపేవారు.

నేను రోజూ వెళ్ళి సూది మరగబెట్టేదాన్ని. "తిట్టండి, కొట్టండి, చెయ్యి చాపండమ్మా" అని కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ మాటే ఆవిడకి అప్పజెప్పాను, బతకాలని ఉండక్కర్లేదు, చాపితే చాలని.

చెయ్యి దుప్పటి కిందకి లాక్కున్నారు. "అన్నానమ్మా. సెయ్యి ఇంత బరువుంటాదని అప్పుడు నాకు తెలీదు."

ఒకరోజు బలవంతాన చెయ్యి పట్టుకున్నాను. పసిపిల్లలా ఏడ్చారు. వదిలేశాను. వదలకుండా ఉండాల్సిందా? ఎవరినడగను? అడిగితే చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కరే.

చివరిసారి చూసింది ఆ రేషన్ వరసకి ముందురోజు సాయంత్రం. నేను సూది ఊసెత్తలేదు. వాళ్ళాయన పనిచేసిన వర్క్‌షాపు విడిచే సైరన్ మోగింది. మోచేతి మీద లేచి కిటికీ పరదా పక్కకి జరిపారు. హేండిళ్ళకి టిఫిన్ క్యారేజీలు ఊగుతూ సైకిళ్ళు వరసగా ఇళ్ళకి పోతున్నాయి. ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నారు. సందు ఖాళీ అయిపోయింది, దుమ్ము కూడా కిందకి దిగిపోయింది. ఆవిడ పరదా వదల్లేదు.